గోడ మీద పాలడబ్బా పాప

నేను గోడల మీద బొమ్మలు వేసి బతికినవాణ్ణి. డెబ్బైల మొదట్లో వైరా నుంచి ఖమ్మం వచ్చి ఒక పెయింటర్ దగ్గర పని నేర్చుకున్నాను. ఆ తర్వాత సొంతంగా బ్రష్షు పట్టాను. లారీల నంబర్లు, దుకాణాల బోర్డులు, అద్దె సైకిలు టాక్సీల పేర్లు రాసేవాణ్ణి. అక్షరానికి నీడ పెట్టి గుండ్రంగా రాస్తానని నాకు పేరుండేది. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి తడబడేది. మనిషిని వేస్తే దిష్టిబొమ్మలాగా వచ్చేవాడు. ఆ లోటు తీర్చింది ఒక క్యాలెండరు.

భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఒక మిషన్ దవాఖానా ఉండేది. ఫ్రాన్సు దేశం నుంచి వచ్చిన ఒక ముసలి సిస్టరమ్మ దాన్ని నడిపేది. దవాఖానా వేళలు గోడ మీద రాయమని నన్ను పిలిపించింది. పని చేసిన నాలుగు రోజులూ నా చూపంతా ఆమె గదిలో వేలాడుతున్న క్యాలెండరు మీదే. నెలకొక బొమ్మ. ఒకదాంట్లో సైకిలు తొక్కుతున్న ఆడమనిషి, జుట్టంతా గాలికి వెనక్కి పోయి, నేల మీద ఉందో లేదో తెలియనట్టు. ఒకదాంట్లో చాక్లెట్ కొరుకుతున్న పిల్ల. ఇంకోదాంట్లో పసుపుపచ్చ గౌను వేసుకుని సీసా ఎత్తి చూపిస్తూ నవ్వుతున్న ఒకామె. పెద్ద పెద్ద రంగులు, చుట్టూ లావాటి నల్లగీత, అక్షరాలు ఒకటో రెండో మాటలు. అంతే. కానీ కళ్లు తిప్పుకోలేకపోయాను.

నేను చూడటం ఆమె గమనించింది. "ఇది మా దేశంలో వీధి గోడ మీద అతికించేది," అంది వచ్చీరాని తెలుగులో. "చాలా పాతది. మా అమ్మ చిన్నపిల్ల అప్పుడు. సబ్బు అమ్ముటకు, బిస్కెట్ అమ్ముటకు."

"గింత మంచి బొమ్మలు సబ్బులు అమ్ముకునేటందుకా సిస్టరమ్మా?"

ఆమె నవ్వింది. "మా అమ్మ చెప్పేది. ఆ బొమ్మ చూసిన తర్వాత మాకు ఆకలి వచ్చింది అని. ముందు ఆ ఆకలి లేదు."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఏడాది గడిచాక ఆమె ఆ క్యాలెండరు నాకే ఇచ్చేసింది. ఇంట్లో కూచుని ఒక్కో బొమ్మ మీద గళ్లు కొట్టి, పాత అట్టల మీద పెద్దవిగా దించుకున్నాను. ఎన్నో రోజులు అదే పని. చివరికి ఒక సంగతి బోధపడింది. గోడ మీది బొమ్మ చదవడానికి కాదు, బస్సులో పోయేవాడికి ఒక్క చూపులో తగలడానికి. మాటలు ఎంత తగ్గితే అంత బలం.

అట్లా వెయ్యడం మొదలుపెట్టాక ఏజెంట్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. టీపొడి, నీలిమందు, పళ్లపొడి, టార్చిలైటు బ్యాటరీలు, బట్టల సబ్బులు. కారేపల్లి, ఇల్లెందు, మణుగూరు, పినపాక, బస్సు ఆగే ప్రతిచోటా ఏదో ఒక గోడ మీద నా బొమ్మ ఉండేది. కారేపల్లిలో పళ్లపొడి బొమ్మ వేస్తుంటే ఒక రైతు ఇంటామె వేపపుల్ల నములుతూ వచ్చి నిలబడింది.

"నా పండ్లు మంచిగనే ఉన్నయ్ గదా, గిదెందుకు?" అంది.

మరుసటి ఏడు అదే గోడకు రంగులు అద్దడానికి పోయినప్పుడు ఆమె అరచేతిలో తెల్లటి పళ్లపొడి పోసుకుని తోముకుంటోంది. నన్ను చూసి కాస్త సిగ్గుపడి, "పుల్లతోని తోమితే నోరు వాసనొస్తదంటది మా కోడలు," అంది. ఆ రోజు నాకు గర్వంగా అనిపించింది. నా బ్రష్షుకు ఇంత సత్తువ ఉందా అనుకున్నాను.

పెళ్లయింది. ఎనభైల మొదట్లో మాకు ఆడపిల్ల పుట్టింది. పది నెలలకే బుగ్గలు బూరెల్లాగా, చేతులకు మడతలు పడి, చూసినవాళ్లు ఎత్తుకోకుండా పోయేవారు కాదు. అప్పుడే ఒక ఏజెంటు పిల్లల పాలపొడి పని పట్టుకొచ్చాడు. అతను తెచ్చిన నమూనా కాగితంలో తెల్లదొరల పిల్లాడు ఒకడు నవ్వుతున్నాడు. పక్కన డబ్బా. కింద మూడు వరసల్లో సన్నటి అక్షరాలు. ఎన్ని చెంచాలకు ఎన్ని నీళ్లు కలపాలో, నీళ్లు ఎట్లా మరగబెట్టాలో, అన్నిటికంటే తల్లిపాలే మేలని.

"ఈ పిల్లగాణ్ణి మనోళ్లు సొంతం చేసుకోరు సార్," అన్నాను. "మా బిడ్డను వేస్త. చూడుండ్రి ఎట్లుంటదో."

"వెయ్యి పెయింటర్, నీ ఇష్టం."

"కింద సన్నక్షరాలు తీసేస్త. దూరానికి ఆనవు, బొమ్మ పాడైతది."

అతను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "తీసెయ్. జల్దీ అయితది పని," అన్నాడు.

ఆ మాట అడిగింది నేనే. అతను తీసెయ్యమంటే తీసెయ్యలేదు. ఇది ముందే చెప్పుకోవాలి.

మా ఆవిడకు కోపం వచ్చింది. "గిదేందయ్యా? బిడ్డను తీస్కపోయి గోడలకెక్కిస్తవా? ఊరి కండ్లన్నీ దానిమీదనే పడ్తయ్."

ఆమెను సముదాయించడానికి, బొమ్మలో కూడా పాప బుగ్గ మీద నల్లచుక్క పెడతానన్నాను. పెట్టాను. ఆ చుక్కతోనే బొమ్మకు ప్రాణం వచ్చింది. మన ఇళ్లలోని పిల్ల అయింది. తల్లులు ఆగి చూసేవారు. ఖమ్మం నుంచి పినపాక దాకా చాలా గోడల మీద నా బిడ్డ కూచుని నవ్వింది. అన్నింట్లోకి బాగా కుదిరింది పినపాక దాటాక ఉన్న ఒక సంత ఊళ్లో, కిరాణా కొట్టు పక్కగోడ మీద. ఆ కొట్టతను కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చి పొలాలు కొని స్థిరపడినవాళ్ల తాలూకు. మంచి మాటకారి.

అక్కడ పని చివరికొచ్చిన రోజు సంత. చుట్టుపక్కల గూడేల నుంచి కోయవాళ్లు చింతపండు, కుంకుళ్లు, చీపుర్లు తెచ్చి అమ్ముకుంటున్నారు. ఇరవై ఏళ్లు దాటని ఒకామె, పసిబిడ్డను గుడ్డతో వీపుకు కట్టుకుని, నా నిచ్చెన కింద నిలబడింది. చాలాసేపు నిలబడింది.

"అన్నా, గీ పిల్ల ఎవరి పిల్ల?"

"నా బిడ్డనే," అన్నాను పైనుంచి.

"నిజం పిల్లనా? ఉన్నదా?"

"ఉన్నది. ఇంట్ల ఉన్నది."

ఆమె బిడ్డను వీపు మీది నుంచి ముందుకు తిప్పుకుంది. ఆడపిల్ల. సన్నగా ఉంది, కానీ కళ్లు చురుగ్గా ఉన్నాయి. బొమ్మకేసి ఒకసారి, బిడ్డకేసి ఒకసారి చూసింది.

"గీ డబ్బా పాలే తాగుతదా నీ బిడ్డ?"

నేను నోరు తెరిచేలోపు కొట్టతను గుమ్మంలోంచి అందుకున్నాడు. "అవునమ్మా, ఇదే తాగుద్ది. చూడు ఎట్లా ఉందో, బొద్దుగా. నీ పిల్ల కూడా నెల తిరిగేసరికి అట్లాగే అయిద్ది."

ఆమె అతని వైపు చూడలేదు. నా వైపే చూస్తోంది. నేను చెబితే నమ్ముదామని.

నా బిడ్డ ఒక్కనాడు కూడా డబ్బా పాలు ముట్టలేదు. తల్లి పాలు తాగే పెరిగింది. ఆ ముక్క అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ కింద కొట్టతను ఉన్నాడు, రేపు ఏజెంటు వస్తాడు, బొమ్మ నాది, దాన్ని అబద్ధమని నా నోటితో ఎట్లా అనను? నేను గోడవైపు తిరిగి, పాప కంటిలో తెల్లచుక్క పెట్టాను. ఆ మౌనాన్ని ఆమె అవునని తీసుకుంది.

తెచ్చిన చింతపండంతా కొట్లో పోసి ఆమె ఒక డబ్బా తీసుకోవడం నిచ్చెన మీది నుంచి చూశాను. దాన్ని కొంగులో చుట్టి, బిడ్డ పక్కనే పెట్టుకుని నడిచిపోయింది.

మళ్లీ ఆ ఊరికి పోయింది వానలు పడ్డాక. ఎదురుగోడ మీద బిస్కెట్ల బొమ్మ వెయ్యాలి. హోటలు బల్ల మీద కూచుని టీ తాగుతుంటే ఆ కోయామె కనపడింది. వీపు మీద గుడ్డ లేదు. చేతిలో ఆ డబ్బా ఉంది. సంతకు వచ్చిన ప్రతిసారీ నేను ఉన్నానేమోనని చూసిందట.

"పిల్ల ఏది?" అన్నాను. అడిగాక, అడక్కుండా ఉండాల్సింది అనిపించింది.

ఆమె నా ఎదురుగా నేల మీద కూచుంది. బీడీలకు తునికాకు కోసే రోజుల్లో తెల్లారకముందే అడవికి పోవాలి. పిల్లను అత్త దగ్గర వదిలి పోయింది. డబ్బా ఉంది కదా అని ధైర్యం. ఒక్క డబ్బానే ఆకు పని అయిపోయేదాకా సరిపెట్టాలని అత్తను పల్చగా కలపమంది. కాచని వాగు నీళ్లతో. కొన్నాళ్లకు పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. అప్పటికి ఈమెకు పాలు కూడా ఎండిపోయాయి. దవాఖానాకు ఎత్తుకుని పోతుంటే దారిలోనే అయిపోయింది.

ఇదంతా ఆమె ఏడవకుండా చెప్పింది. చెప్పి, డబ్బా నా ముందు పెట్టింది.

"నువ్వు అక్షరాలు రాస్తవు గదన్నా. గీ డబ్బా మీద ఏం రాసిందో సదువు. నేనేడ తప్పు చేసిన్నో తెలుసుకుంట. నీ బిడ్డ బతికింది గదా. నాది ఎందుకు బతకలే?"

నిందించడానికి రాలేదు. తప్పు తనదే అనుకుని, అది ఏమిటో తెలుసుకుందామని వచ్చింది.

నేను డబ్బా చేతిలోకి తీసుకున్నాను. తుప్పు పట్టడం మొదలైంది. నా బొమ్మలోంచి నేను తీసేసిన మాటలన్నీ దాని మీద ఉన్నాయి. చదివాను. ఇన్ని చెంచాలకు ఇన్ని నీళ్లు. నీళ్లు బాగా మరగబెట్టి చల్లార్చాలి. సీసా కూడా ఉడకబెట్టాలి. ఆమె ప్రతి మాటకూ తలాడించింది, పాఠం వింటున్నట్టు. చివరి వరస చదవకుండా డబ్బాను కింద పెట్టబోయాను.

"ఇంకేం ఉన్నది?"

"బిడ్డకు తల్లిపాలే మంచివి అని ఉన్నది," అన్నాను.

ఆమెకు అర్థమయ్యేలా ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి విన్నాక ఆమె మొహం మారింది.

"గట్లని డబ్బా మీదనే రాసిండ్రా?"

"అవ్."

"మరి నీ బిడ్డ?"

ఈసారి అబద్ధం ఆడే ధైర్యం కూడా లేకపోయింది. "నా బిడ్డ వాళ్లమ్మ పాలే తాగింది. డబ్బా పాలు ఎన్నడూ తాగలే."

హోటల్లో పొయ్యి మీద నూనె చిటపటలాడుతోంది. ఆమె లేచి వీధి అవతల గోడ మీద నవ్వుతున్న నా కూతురిని చూసింది.

"మరి గా బొమ్మ ఎందుకేసినవన్నా?"

పొట్టకూటికని అనొచ్చు. ఆమె కూడా పొట్టకూటికే అడవికి పోయింది. ఆమె డబ్బా తీసుకుంది. "డబ్బా మంచిగనే ఉన్నది. ఉప్పు పోసుకుంట," అని వెళ్లిపోయింది.

ఆ రోజు బిస్కెట్ల బొమ్మ మొదలుపెట్టలేదు. సున్నం కలిపి, నిచ్చెన వేసి, ఆ పాలడబ్బా బొమ్మ మీద కొట్టడం మొదలుపెట్టాను. కొట్టతను పరిగెత్తుకొచ్చాడు.

"ఏవయ్యా, మతి పోయిందా నీకు? నా గోడ మీద నీ పెత్తనమేంటి?"

"ఆ కోయామె బిడ్డ సచ్చిపోయింది," అన్నాను.

"పిల్లలు పోరా ఏంటి? అడివిలో జొరాలు లేవా, జబ్బులు లేవా? దానికి పాలపొడేం చేసుద్ది?" అన్నాడు. అన్నాడు గానీ నిచ్చెన మాత్రం లాగెయ్యలేదు. నేను పూర్తి చేసేదాకా గుమ్మంలో నిలబడి, లోపలికి పోయాడు. ఎనామిల్ రంగు మీద సున్నం పట్టదు. ఒక పూత ఎండగానే పాప కళ్లు కనపడ్డాయి. రెండో పూత కొట్టాను. మూడోది కొట్టాను. చీకటి పడేదాకా అదే పని.

ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పాను. ఆమె బిడ్డకు అన్నం తినిపిస్తోంది. చెయ్యి ఆగింది. ముద్ద కంచంలో పెట్టి, "ఇంక ఎన్ని గోడల మీదున్నది నా బిడ్డ?" అంది.

చెప్పాను.

"అన్నీ తుడిపెయ్యి. తుడిపినంకనే నాతోని మాట్లాడు."

నెల పట్టింది. బస్సుల్లో సున్నం బస్తా వేసుకుని ఊరూరూ తిరిగాను. కొందరు గోడల వాళ్లు ఒప్పుకున్నారు, కొందరు తిట్టి పంపారు. ఏజెంటు ఖమ్మం వచ్చి వీధిలో నిలబడి అరిచాడు, ఇక మీదట తన పని ఏదీ నాకు దొరకదన్నాడు. అతను అన్నట్టే చేశాడు. నేను తుడిపిన చోట్ల కొన్నాళ్లకు అచ్చు కాగితాలు అతికించారు. వాటిలో వేరే పిల్లలు నవ్వారు.

అన్నీ తుడిపాక ఒకసారి ఆ కోయామె గూడెం కనుక్కుని పోయాను. క్షమించమని అడగాలని. ఏం మాటలతో అడగాలో దారి పొడుగునా అనుకుంటూ పోయాను. ఇంటి దగ్గర అత్త ఒక్కతే ఉంది. మలేరియా మందు కొట్టి గోడ మీద తేదీ రాసేవాళ్లు అప్పుడప్పుడు వచ్చేవారు. నన్నూ అట్లాంటివాణ్ణే అనుకుని మంచం వేసి, దొప్పలో జావ పోసి ఇచ్చింది. నేను ఎవరో చెప్పలేకపోయాను. జావ తాగుతుండగా కోడలు చేను నుంచి వచ్చింది. నన్ను చూసి ఆగి, అత్తకు తమ భాషలో ఏదో చెప్పింది. నాకు ఒక్క 'బొమ్మ' అనే మాటే అర్థమైంది.

ముసలామె నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. దొప్పలో ఇంకా సగం జావ ఉంది. కింద పెట్టాలో తాగాలో తెలియక చేతిలో పట్టుకుని కూచున్నాను. "తాగు," అంది ముసలామె. తాగాను.

క్షమించమని అడగకుండానే లేచి బయల్దేరితే కోడలు వాగు దాకా వచ్చింది. నీళ్లు మోకాళ్ల పైకి పారుతున్నాయి. ఎక్కడ దాటాలో చెయ్యి చూపించింది.

"గోడ మీద బొమ్మ తుడిపినవ్ గదా. సూసిన," అంది.

"అన్నీ తుడిపిన."

"ఇంక వెయ్యకన్నా."

"వెయ్యను," అన్నాను.

ఆ తర్వాత ఆమెను చూడలేదు. కొన్నేళ్లకు అట్లాంటి పాలపొడికి ప్రకటనలే వెయ్యకూడదని ప్రభుత్వం చట్టం తెచ్చింది. ఆరోగ్యశాఖ వాళ్లు నన్ను పిలిచి తల్లిపాల గురించి, విరేచనాలప్పుడు తాగించాల్సిన ఉప్పు చక్కెర నీళ్ల గురించి గోడల మీద రాయించారు. అక్షరాలు పెద్దవిగా, ఒక్క మాట కూడా తగ్గించకుండా రాశాను. కానీ ఆ గోడల ముందు ఎవరూ ఎక్కువసేపు నిలబడినట్టు నేను చూడలేదు.

ఆ పని ఏడాదిలో రెండు మూడు నెలలే ఉండేది. మిగతా నెలలు ఇల్లు గడవాలి. వేరే ఏజెంట్లు వచ్చారు. ఒళ్లు తెల్లబడుతుందనే సబ్బు బొమ్మ వేశాను. పత్తి పురుగు మందు బొమ్మ వేశాను. తొంభైల్లో షాంపూ పొట్లాలు వచ్చాక, కుంకుళ్లు అమ్ముకునే ఆడవాళ్లు కూచునే చోటికి ఎదురుగానే పొడుగాటి జుట్టున్న పిల్లను వేశాను. ఆ తర్వాత సంతలో కుంకుళ్ల గంపలు తగ్గుతూ వచ్చాయి.

వాగు ఒడ్డున నేనిచ్చిన మాటను పాలడబ్బా బొమ్మ వరకే నిలబెట్టుకున్నాను. ఏ బొమ్మలు వెయ్యొద్దంటున్నావని ఆ రోజు నేను ఆమెను అడగలేదు. ఆమె అన్నీ అనే అనుకుని ఉంటుందని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడూ తెలుసు.